శుక్రవారం కాపీ

అయినా అబద్ధం అంటే నోటితో చెప్పేది కదా, తనెప్పుడు చెప్పాడు గనక, అని స్టోరు గది తాళం తీస్తూ తమ్ముడు ఆ ఉదయానికి ఆరోసారి అనుకున్నాడు. రాశాడు, అంతే. ప్రతి శుక్రవారం సాయంత్రం ఒక డిస్కు మీద అంటించిన కాగితంపై ఆ రోజు తారీఖు రాశాడు. ఆ రోజు తారీఖు ఆ రోజుదే కదా, అందులో తప్పేముంది? కింద 'కాపీ తీశాను' అని సంతకం చేయలేదు. చూసినవాళ్ళు అలా అర్థం చేసుకుంటే అది చూసినవాళ్ళ... ఇక్కడికి వచ్చేసరికి ఆలోచన ఎప్పటిలాగే మెట్టు తప్పి ఆగిపోయింది. ఎందుకంటే చూసినవాళ్ళు అంటే అక్క.

తలుపు తెరవగానే పెట్టె కూసింది. మూడు చిన్న కూతలు, ఒక పెద్ద కూత. నిన్న సాయంత్రం నుంచీ ఇదే వరస.

అతనికి నలభై ఆరేళ్ళు. అయినా ఆ కట్టుడు పళ్ళ వర్క్‌షాపులో అందరూ అతన్ని తమ్ముడు అనే పిలుస్తారు. యజమానురాలు అతని అక్క కాబట్టి ఆవిడ పిలుపే అందరి నోళ్ళలోనూ స్థిరపడింది. అతనికన్నా ఇరవై ఏళ్ళు చిన్నదైన డిజైనరమ్మాయి కూడా 'తమ్ముడుగారూ' అంటుంది. బావ ప్లాస్టరు పోసి దవడల అచ్చులు తీస్తాడు. అమ్మాయి ఆ అచ్చుల్ని కంప్యూటర్లోకి ఎక్కించి పళ్ళు గీస్తుంది. ఆ గీతల ప్రకారం ఒక మిషను పళ్ళు చెక్కుతుంది. అక్క కౌంటర్లో కూర్చుని తక్కినదంతా చేస్తుంది. తమ్ముడు కంప్యూటర్లు చూసుకుంటాడు. పదేళ్ళ కిందట ప్రింటర్లో ఇరుక్కున్న కాగితాన్ని చిరగకుండా లాగినందుకు ఆ పదవి దక్కింది.

స్టోరు గదిలోని ఈ పెట్టె అందరికీ ఉమ్మడి గిడ్డంగి. ఎవరి కంప్యూటర్లో పని వాళ్ళు చేసుకుని తీగ మీదుగా ఇందులో దాచుకోవాలి. లోపల నాలుగు డిస్కులుంటాయి. ఒకటి పోయినా తక్కిన మూడూ కలిసి దాని బరువు మోస్తాయి, రెండు పోతే మాత్రం అంతా పోయినట్టే. ఉమ్మడి కుటుంబం లాంటిదండీ అని అమ్మినవాడు చెప్పాడు. ఆ మాట అక్కకు నచ్చి కొంది. ఇప్పుడు దాని వయసు పదకొండేళ్ళు. ఫ్యాను రొద పడలేక ఒకరోజు బావ దాన్ని తలకిందులుగా పెట్టి చూశాడు. రొద తగ్గింది. అప్పట్నుంచీ అది శీర్షాసనంలోనే ఉంది. దాని మీద ప్లాస్టరు పొడి పొరలు పొరలుగా పేరుకుని దీపాలూ అంకెలూ కనిపించకుండా పోయి చాలా కాలమైంది.

పెట్టెకు ఏదైనా అయితే ఆదుకోవడానికి వారానికోసారి వేరే డిస్కులోకి కాపీ తీయాలి. అది తమ్ముడి పని. మూడేళ్ళ కిందట ఒక శుక్రవారం ఆ డిస్కు నిండిపోయింది. 'స్థలం లేదు' అని తెర మీద వచ్చింది. చెబుదామని కౌంటరు దగ్గరికి వెళ్ళాడు. అప్పుడే అక్క ఎవరితోనో అంటోంది: "మా తమ్ముడికి అప్పజెప్పానంటే నేనిక దాని గురించి ఆలోచించను." అతను మంచినీళ్ళు తాగి వెనక్కి వచ్చేశాడు. వచ్చే వారం చెబుదాం అనుకున్నాడు. వచ్చే వారానికి, పోయిన వారం ఎందుకు చెప్పలేదు అనే ప్రశ్న కూడా వచ్చి చేరింది. ఆ తర్వాత వారాలన్నీ ఒకదాని భుజమెక్కి ఒకటి నిలబడ్డాయి. ప్రతి శుక్రవారం నాలుగింటికి డిస్కు తగిలించి, దాని దీపం మిణుకుమిణుకుమంటుంటే పావుగంట చూసి, తారీఖు రాసి సొరుగులో పెట్టేవాడు. ఆ పావుగంటలో అతని మనసుకు నిజంగానే ఏదో పని జరుగుతున్నట్టుండేది.

ఈ రోజుతో అంతా సర్దుకుంటుంది. అతని భోజనం సంచిలో గిన్నె కింద రెండు కొత్త డిస్కులున్నాయి. ఒకటి పెట్టెలో చెడిపోయినదాని స్థానంలోకి. రెండోది బాగా పెద్దది, అసలైన కాపీకి. అందరూ తొమ్మిదింటికి వస్తారు. ఇప్పుడు ఏడున్నర. డిస్కు మార్చడం పది నిమిషాల పని. ఆ పైన సాయంత్రం దాకా కాపీ దానంతటదే అవుతుంది. మూడేళ్ళ అబద్ధం ఎవరికీ చెప్పకుండా నిజమైపోతుంది.

ముందు కాపీ తీసి తర్వాత డిస్కు మార్చాలి. ఆ సంగతి అతనికి తెలుసు. కానీ కాపీకి ఆరు గంటలు పడుతుంది, ఈ కూత వింటే అక్క ఆరు నిమిషాల్లో వస్తుంది. కాబట్టి ముందు కూత.

'రెండో డిస్కు చెడిపోయింది' అని ఉంది పక్కనున్న తన కంప్యూటరు తెర మీద. ఎడమ నుంచి లెక్కపెట్టాడు. ఒకటి, రెండు. రెండోదాని గడి తెరిచి, పిడి పట్టుకుని లాగాడు. సున్నితంగా, పాలపన్ను ఊడినట్టు వచ్చేసింది.

కూత ఆగింది. ఎంత తేలిక, ఇన్నాళ్ళూ దీనికా భయపడ్డాను అనుకునేలోపు అది మళ్ళీ మొదలైంది. ఈసారి చిన్నదీ పెద్దదీ అనే తేడా లేకుండా, ఊపిరి తీసుకోకుండా, ఒకటే అరుపు. తెర మీద ఫోల్డర్లన్నీ ఒక్కొక్కటే మాయమయ్యాయి. అతను చేతిలోని డిస్కు వైపు చూశాడు. దాని మీద అంటించిన చీటీ తలకిందులుగా ఉంది. చీటీ తిప్పి చదివాడు. మూడు.

పెట్టె తలకిందులుగా ఉంది కాబట్టి ఎడమ నుంచి రెండోది మూడోదవుతుంది. పదేళ్ళుగా రోజూ చూస్తున్న పెట్టె. చెడిపోయినదాన్ని లోపలే ఉంచి ఆరోగ్యంగా ఉన్నదాన్ని పీకేశాడు. అంటే రెండు పోయాయి. గబగబా దాన్ని మళ్ళీ గడిలోకి తోశాడు. అరుపులో మార్పు లేదు.

"తమ్ముడూ, ఏమిట్రా ఆ మోత?"

అక్క. తొమ్మిదింటికి రావలసిన మనిషి ఎనిమిదికే వచ్చింది. చెప్పాలి, ఇదే సమయం, చెప్పేస్తే తేలిపోతుంది అని మనసు అంటుంటే నోరు తన పని తాను చేసింది.

"ఏం లేదక్కా. దుమ్ము దులుపుతున్నా."

"దుమ్ము దులిపితే అలా అరుస్తుందా?"

"చాలా దుమ్ముందక్కా."

అక్క తృప్తిగా తలాడించి వెళ్ళింది. తమ్ముడు చెమట తుడుచుకున్నాడు. కానీ దుమ్ము అన్న మాట కారిడారంతా నడిచి ప్లాస్టరు గది దాకా వెళ్ళింది. రెండు నిమిషాల్లో బావ ప్రత్యక్షమయ్యాడు. చేతిలో అచ్చులు శుభ్రం చేసే గాలి గొట్టం.

"గుడ్డతో ఎక్కడ దులుపుతావు బావమరిదీ. పదకొండేళ్ళ దుమ్ము. పక్కకి తప్పుకో."

"వద్దు బావా, అది..."

"మొహమాటపడకు, నేనేం పరాయివాణ్ణా?"

పళ్ళ సందుల్లోంచి రాయిలా గట్టిపడిన ప్లాస్టరును ఊడగొట్టే గాలి అది. పెట్టె వెనక రంధ్రాల్లోంచి దూరి ముందు నుంచి బయటికొచ్చింది. గది తెల్లబడిపోయింది. తమ్ముడికి తన చెయ్యి తనకు కనిపించలేదు. ఆ తెలుపులో ఎక్కడో పెట్టె అరుపు ఒక్కసారి గొంతు పట్టుకున్నట్టయి ఆగిపోయింది.

"చూశావా, ఎంత హాయిగా ఉందో ఇప్పుడు," అన్నాడు బావ దగ్గుతూ.

తెలుపు నెమ్మదిగా కిందికి దిగింది. బావ కనుబొమలు, తమ్ముడి జుట్టు, అలమర అన్నీ ఒకే వయసులోకి వచ్చేశాయి. పెట్టె చచ్చిపోయింది అనుకున్నాడు తమ్ముడు. ఆశ్చర్యం ఏమిటంటే, ఆ క్షణంలో అతనికి కాస్త ఊరటగానే అనిపించింది. ముసలి పెట్టె, దుమ్ము, బావ, గాలి. ఇందులో తనెక్కడున్నాడు? ఈ ఆలోచన తనదేనా అని అతను దిగ్భ్రాంతి పడుతుండగానే పెట్టె మళ్ళీ గుర్రుమంది. తిరిగి మొదలై, తనని తాను తడుముకుని అది తేరుకునేసరికి పది దాటింది. కౌంటర్లో కంప్యూటరు తెర మీద ఒక ప్రశ్న వెలిసింది.

అతను పరుగున వెళ్ళేసరికి కౌంటరు ముందు అనౌన్సరుగారు కూర్చుని ఉన్నారు. ముప్పయ్యేళ్ళు రేడియోలో వార్తలు చదివిన గొంతు ఆయనది. పాత పళ్ళు మొన్న రెండు ముక్కలయ్యాయి. అప్పట్నుంచీ నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, మాట్లాడవలసినదంతా చీటీల మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి అందిస్తున్నారు. ఇప్పుడు అక్క ముందున్న చీటీలో 'సాయంత్రం అయిదింటికి సభ. నేనే వక్తను' అని ఉంది.

"మీకేం భయం లేదండీ," అంటోంది అక్క. "మీ దవడ కొలతలు భద్రంగా ఉన్నాయి. ఒకచోట కాదు, రెండు చోట్ల. ఇదిగో, మా తమ్ముడు. ఇన్నేళ్ళలో ఒక్క శుక్రవారం కూడా కాపీ తీయడం మానలేదు. జ్వరంలో కూడా వచ్చి తీసి వెళ్ళాడు."

అనౌన్సరుగారు నఖశిఖపర్యంతం తెల్లగా ఉన్న తమ్ముడిని చూసి ఒక చీటీ రాశారు: 'గొప్ప మనిషి. తుడుచుకోవచ్చు.'

జ్వరంలో వచ్చిన మాట నిజం. నూట రెండు జ్వరంలో స్వెట్టరు వేసుకుని వచ్చి, దీపం వైపు పావుగంట చూసి, తారీఖు రాసి వెళ్ళాడు. తెర మీద ఉన్నది చదివాడు: 'డిస్కులు గుర్తించబడలేదు. కొత్తగా సిద్ధం చేయమంటారా? పాతవన్నీ చెరిగిపోతాయి.' కింద రెండు మీటలు. అవును. కాదు.

"ఇదేదో అడుగుతోందిరా," అంది అక్క. "ఏం చెప్పమంటావు?"

కాదు అని నొక్కితే డిస్కుల్లో ఉన్నది అక్కడే ఉంటుంది. తెలిసిన మెకానిక్కు ఎవరైనా వచ్చి బయటికి తీయొచ్చు. ఒక్క మాట చాలు. ఆ మాట చెబితే, ఎందుకు వద్దు, కాపీ ఉందిగా అంటుంది అక్క. దానికి జవాబు మూడేళ్ళ పొడుగుంటుంది. అదీ ఈ పెద్దమనిషి ముందు.

"పాతవి చెరిగిపోతాయంటోంది," అన్నాడు మెల్లగా.

"చెరిగితే ఏమయింది? శుక్రవారం కాపీ ఉందిగా. కొత్త పలక మీద రాసుకున్నట్టు ఉంటుంది."

అక్క చెయ్యి మౌసు మీదికి వెళ్ళింది. తమ్ముడు నోరు తెరిచాడు. వద్దు అన్న మాట రెండే అక్షరాలు. మొదటి అక్షరం పెదవుల దాకా వచ్చింది. అక్క అతని వైపు చూసి నవ్వింది. చిన్నప్పుడు వీధి దాటించేటప్పుడు వెనక్కి తిరిగి చూసి నవ్వే నవ్వు. అవును అని నొక్కేసింది.

కొన్ని క్షణాలపాటు అతనికి లోకంలో శబ్దమే లేదు. తర్వాత ఎక్కడో మిషను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. అది పొద్దుట్నుంచీ తిరుగుతూనే ఉందని, ఎందుకు తిరుగుతోందో తను అడగలేదని అప్పుడతనికి తోచలేదు. తెర మీద ఒక గీత ఎడమ నుంచి కుడికి పాకి చివర ఆగింది. 'పూర్తయింది. ఖాళీ స్థలం: వందకి వంద.'

"అబ్బ, ఎంత ఖాళీయో," అంది అక్క. "ఇంక ఆ డిస్కు తెచ్చి ఇందులో పొయ్యి."

సొరుగు కౌంటరుకు పదడుగుల దూరంలో ఉంది. ఆ పదడుగులూ నడవడానికి అతనికి చాలాసేపు పట్టింది. డిస్కు తగిలించాడు. దీపం మిణుకుమంది. డిజైనరమ్మాయి టీ గ్లాసుతో వచ్చి వెనక నిలబడింది. బావ గాలి గొట్టంతోనే వచ్చాడు. పొద్దుట్నుంచీ ఈ అమ్మాయి ఒక్క మాటా అనలేదు. దవడలు కనిపించడం లేదని అరవలేదు. షాక్‌లో ఉంది పాపం అనుకున్నాడు తమ్ముడు.

"అక్కా, తెరవకు," అన్నాడు.

"ఏం?"

"అందులో మూడేళ్ళ కిందటివే ఉన్నాయి. ఆ తర్వాతివి లేవు. డిస్కు నిండిపోయింది. నేను చెప్పలేదు."

అక్క డిస్కును చేతిలోకి తీసుకుని, దాని మీద ఒకదానిపై ఒకటి అంటించిన కాగితాల మందాన్ని వేలితో తడిమి చూసింది.

"మరి ఈ తారీఖులు?"

"రాశాను."

"ప్రతి వారం?"

"ప్రతి వారం."

"జ్వరంలో?"

"రాశాను అక్కా."

అనౌన్సరుగారు చప్పుడు కాకుండా చీటీ ముందుకు జరిపారు: 'నేను బయట కూర్చోనా?' ఎవరూ జవాబివ్వకపోయేసరికి దాన్ని వెనక్కి లాక్కుని, కొట్టేసి, కింద 'ఇక్కడే ఉంటాను' అని రాశారు.

అక్క డిజైనరమ్మాయి వైపు తిరిగింది. "అంటే మూడేళ్ళ దవడలు పోయినట్టేనా?"

అమ్మాయి టీ గ్లాసులోకి చూస్తూ అంది. "పోలేదండీ. అవన్నీ నా కంప్యూటర్లోనే ఉన్నాయి. నాలుగేళ్ళ కిందట చేరిన మొదటి వారం ఆ పెట్టె మోత విన్నాను. రెండో వారం దాన్ని తలకిందులుగా చూశాను. అప్పట్నుంచీ అందులో ఏమీ పెట్టలేదు. ఇంట్లో ఇంకో కాపీ ఉంది. ఈయన పళ్ళు కూడా తొమ్మిదింటికే మిషన్లో పెట్టాను, అయిపోవస్తున్నాయి."

తమ్ముడు ఆమె వైపు తిరిగాడు. "మరి ప్రతి శుక్రవారం అడిగితే, అన్నీ పెట్టెలో పెట్టానండీ అనేదానివి?"

"మీరంత శ్రద్ధగా అడుగుతుంటే కాదనడానికి నోరు రాలేదు తమ్ముడుగారూ."

"నన్ను నమ్మలేదా?" అని అతను అడిగాడు. ఆ గొంతులో నిజంగానే నొప్పి ఉంది. ఆ నొప్పికి తనకేం హక్కుందో అతనికే తెలియలేదు, అయినా అది నొప్పే.

"అమ్మాయిని అంటావేం," అన్నాడు బావ. "నేను మాత్రం నమ్మానా? అచ్చులన్నీ అట్టపెట్టెల్లో కట్టి మా మంచం కింద పెట్టాను. ప్రతి దవడకీ నోటుబుక్కులో కొలత రాశాను. కంప్యూటర్ని నమ్మను నేను. నిన్ను నమ్మకపోవడం వేరే సంగతి."

"మంచం కిందవి పాత చెప్పులన్నారుగా మీరు?" అంది అక్క.

"అలా అనకపోతే పారేయిస్తావు."

అంటే ఏమీ పోలేదు. తమ్ముడికి ఈ సంగతి ఎక్కడానికి కొంత సమయం పట్టింది. మూడేళ్ళు నిద్రలో ఉలిక్కిపడ్డదంతా దేనికి? అతను దాచిన రహస్యానికి అవతల వీళ్ళంతా ఎవరి గొడుగు వాళ్ళు వేసుకుని పొడిగా కూర్చున్నారు. అతని పెదవుల మీదికి ఒక పిచ్చి నవ్వు రాబోయింది. బావ అప్పటికే నవ్వుతున్నాడు. నవ్వితే కనుబొమల నుంచి ప్లాస్టరు రాలుతోంది. అమ్మాయి కూడా గ్లాసు వెనక నవ్వుతోంది.

"మరి నావి?" అంది అక్క.

నవ్వులు ఆగాయి.

ఆ వర్క్‌షాపులో ఒక అలవాటుంది. కొత్త పళ్ళు పెట్టుకున్న మనిషి ఏం మాట్లాడకముందు కౌంటరు ముందు నిలబడి ఒకసారి నవ్వాలి. అక్క ఫొటో తీస్తుంది. పళ్ళు సరిగ్గా కూర్చున్నాయో లేదో అందులో తెలుస్తుందని పైకి చెప్పే కారణం. రోజు బాగోలేనప్పుడు ఆవిడ ఆ నవ్వుల్ని ఒక్కొక్కటే తిప్పి చూసుకుంటుంది. ఏళ్ళుగా అద్దంలోకి చూడని వాళ్ళు, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా ఎలా నవ్వాలో మరిచిపోయి సగంలో ఆగిన వాళ్ళు, నవ్వబోయి ఏడ్చిన వాళ్ళు. ఏ రోజు ఫొటోలు ఆ రోజు సాయంత్రం పెట్టెలోకి పంపి, కెమెరాలోంచి తీసేసేది. ఇంకెక్కడా ఉంచుకోలేదు. తమ్ముడు చూసుకుంటాడు కదా.

మూడేళ్ళ నవ్వులు. అందరూ గొడుగు వేసుకున్నారు. అతన్ని నమ్మిన ఒక్క మనిషి తడిసింది.

తిట్టు అక్కా, అనుకున్నాడు. చెంప మీద కొట్టినా బాగుండేది. ఆవిడ డిస్కును తుడిచి సొరుగులో, దాని చోట్లోనే పెట్టింది. బావ వైపు చూడలేదు, అమ్మాయి వైపు చూడలేదు. ఇంతలో లోపల మిషను ఆగింది. బావ వెళ్ళి పళ్ళు తెచ్చి, అరగంట సేపు అరగదీసి, మెరుగు పెట్టి, అనౌన్సరుగారి చేతికిచ్చాడు. ఆయన వెనక్కి తిరిగి వాటిని పెట్టుకుని, చేతిరుమాలు మడిచి జేబులో దాచుకుని, కౌంటరు ముందుకొచ్చి నవ్వారు. అక్క చెయ్యి అలవాటుగా కెమెరా అందుకుంది. కంటి దాకా ఎత్తింది. అక్కడ కాసేపు ఆగి దించేసింది.

"చాలా బాగున్నాయండీ," అంది.

"అమ్మా," అన్నారు అనౌన్సరుగారు. రేడియోలో విన్న ఆ పెద్ద గొంతుతో గదంతా నిండిపోయింది. "నేను మళ్ళీ నవ్వగలను. తీయండి."

"వద్దులెండి. సభకు ఆలస్యమవుతుంది," అంటూ అక్క లోపలికి వెళ్ళిపోయింది. సభ అయిదింటికి. అప్పుడు పదకొండున్నర.

కుళాయి తిప్పిన చప్పుడు వచ్చింది. చాలాసేపు వచ్చింది. కడగడానికి అక్కడ ఒక్క గ్లాసే ఉందని తమ్ముడికి తెలుసు.

క్షమించమని అడగాలని లేచాడు. తలుపు దాకా వెళ్ళాడు. ఆ మాట కూడా తారీఖు రాయడం లాంటిదే అనిపించింది. చేతికి పని ఉండదు, కాగితం మీద మాత్రం అయిపోయినట్టుంటుంది. వెనక్కి వచ్చి అక్క కుర్చీలో కూర్చున్నాడు. కౌంటరు కింది నుంచి ఆర్డర్ల రిజిస్టరు తీసి, మూడేళ్ళ కిందటి పేజీ దాకా వెనక్కి తిప్పాడు. పేరు, వీధి, పై పళ్ళా కింది పళ్ళా, ఫోను నంబరు. ఇలాంటి వరసలు నాలుగు వందల పన్నెండు. కెమెరాను దగ్గరికి లాక్కుని, ప్లాస్టరు అంటిన వేలితో మొదటి నంబరు నొక్కాడు.

"నమస్కారమండీ, పళ్ళ వర్క్‌షాపు నుంచి. లేదండీ, కంగారేం లేదు. మీరు వీలు చూసుకుని ఒకసారి వచ్చి నవ్వి వెళ్ళాలి."

అటువైపు వెనక ఎవరో ఆడగొంతు 'ఎవరూ' అని అడగడం వినిపించింది. తన నోట్లో ఉన్నవన్నీ సొంత పళ్ళేనని గట్టిగా చెప్పి, ఆయన ఫోను పెట్టేశాడు.